నాయన గొడుగు తెచ్చిన తుఫాను

అక్కా,

ఉప్పుగాలికి తడిసి, చిరాకులో మునిగి, అయినా క్షేమంగానే ఉన్న నీ చెల్లెలు శారద అందరికీ నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది. నాయన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అమ్మకి దగ్గు నిజంగా తగ్గిందా, లేక కషాయం తాగలేక తగ్గిందని మీతో చెబుతోందా? చిన్నోడికి పళ్ళు వచ్చాయా? బావ వేయించిన బోరు ఇంకా నీళ్ళు పోస్తోందా? అన్నింటికీ విడివిడిగా జవాబు రాయి. పోయినసారిలా 'అందరం బాగున్నాం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఊరుకోను.

ముందు ఒక మాట. పోయిన వారం కార్డులో 'ఇక్కడ పని అయిపోయింది, మూట సర్దుకుని వచ్చేస్తున్నాను' అని రాశాను కదా. అమ్మ అప్పుడే నా మంచం దులిపి ఎండలో వేసి ఉంటుంది. మళ్ళీ లోపల పెట్టమను. ఇప్పుడప్పుడే రావడం లేదు. ఎందుకు వచ్చేద్దామనుకున్నానో, ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే నాయన గొడుగు దగ్గర మొదలుపెట్టాలి. గొడుగు జాగ్రత్తగా ఉందా అని నీ ప్రతి ఉత్తరంలోనూ ఆయన అడిగిస్తూనే ఉన్నారు. గొడుగు లేదు. కోప్పడేముందు మొత్తం చదివి వినిపించు.

ఇక్కడి సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మన అనంతపురంలో ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పి పుడతాయి గానీ నీళ్ళ చుక్క రాలదు. ఈ దివిసీమలో ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం బిందె పట్టుకుని చెరువు గట్టుదాకా నడవాలి. బావిలో నీళ్ళు ఉప్పన. ఉతికిన బట్ట ఆరదు. ఆరినా చల్లగానే ఉంటుంది. అప్పడం వేయిస్తే పొయ్యి దగ్గర నుంచి కంచం దగ్గరకు వచ్చేలోపు మెత్తబడిపోతుంది. చెప్పుల మీద బూజు పట్టింది, నా పెట్టె తాళం తుప్పు పట్టింది. రాగి సంకటి అంటే ఇక్కడి వాళ్ళు పాపం అన్నట్టు చూస్తారు. మూడు పూటలా అన్నమే, దాంట్లోకి చేప లేకపోతే ఎండుచేప. నేను కూడా మారిపోయాననుకో. ఇప్పుడు ముల్లు తీసుకోవడం వచ్చు. అయినా నువ్వు పంపిన చెనిక్కాయల పొడి అడుగంటిన రోజున డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను. ఇది అమ్మకి చదవొద్దు.

వాతావరణం ఇలా ఉందా, నా పని ఇంకా చిత్రం. బావ నేను బయలుదేరేటప్పుడు ఏమన్నాడో గుర్తుందా? 'నేల గురించి చదివేవాళ్ళున్నారు, నీళ్ళ గురించి చదివేవాళ్ళున్నారు, గాలి గురించి చదివేవాళ్ళున్నారు. మధ్యలో నీకేం పని పిల్లా?' అని. ఆ మధ్యే నా పని. వరిచేలో నిలిచిన నీళ్ళు ఎండకి ఆవిరై పైకి పోతాయి. ఆ ఆవిరిని గాలి ఎత్తుకుపోతుంది. పగలు నేల వేడెక్కితే సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది, వస్తూ ఉప్పు తెస్తుంది. చేలో నీళ్ళు ఇంకిపోతే కింద ఉన్న ఉప్పు పైకి ఎగబాకుతుంది. ఒకటి కదిలితే మూడూ కదులుతాయి. కాబట్టి మా పై అధికారులు నేల చదివినాయన్నీ, నీళ్ళు చదివినావిడనీ, గాలి చదివినాయన్నీ ఒకే ఇంట్లో పెట్టి, ఒకే చేను చూపించి, 'ముగ్గురూ కలిసి చెప్పండి' అన్నారు. వాళ్ళు చెప్పిన మూడింటినీ కలిపి ఒక కథగా రాయడానికి నన్ను పెట్టారు.

కలపడం! ఆ మాట వింటేనే ఒళ్ళు మండిపోతోంది. ఈ ముగ్గురినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టడమే నా వల్ల కావడం లేదు. నేల సారు పెద్దాయన, నిదానస్తుడు. ఎప్పుడు చూసినా గుంట తవ్వుకుని అందులో తల దించుకుని ఉంటారు. ఆకాశంలో ఏనుగు ఎగిరినా ఆయనకు తెలియదు. నీళ్ళ మేడం కాలవ తూములకు కొట్టిన కొలబద్దలు తప్ప ఇంకేమీ చూడదు. మనిషి మంచిదే, గొంతు మాత్రం పంపుసెట్టు. గాలి సారు అందరికంటే కుర్రవాడు. గాలిని కొలవడానికి చేలో నిలబెట్టిన టవరు నుంచి వచ్చే అంకెలు కంప్యూటర్లో చూస్తాడే తప్ప బయటికి వెళ్ళి గాలి పీల్చడు. ఒకరి మాట ఒకరికి పట్టదు. నేల సారు 'తేమ' అంటే మట్టిలోది, గాలి సారు 'తేమ' అంటే గాలిలోది. ఆ ఒక్క మాట మీద ఒక పూటంతా పోట్లాడుకుని, చివర్న ఇద్దరూ నా మీద విసుక్కున్నారు. నేను చేసిన తప్పల్లా మధ్యలో కాఫీ తేవడం.

ఇంటి యజమాని గుడివాడలో వ్యాపారం చేసుకుంటూ నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా 'ఏమండీ, మీ రీసెర్చి ఎందాకా వచ్చింది?' అని అడుగుతాడు. ముగ్గురూ మూడు గదుల్లోంచి మూడు జవాబులు చెబుతారు. ఆయన నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు నాంచారమ్మ గురించి చెప్పాలి. మా టవరు నిలబెట్టింది ఈమె చేలోనే. కరకట్ట పక్కన చిన్న పొలం చెక్క. చుట్టుపక్కల చాలా చేలు రొయ్యల చెరువులయ్యాయి గానీ ఈమె మాత్రం వరి వదల్లేదు. పెద్దావిడ, ఒంటరిది. పొద్దున పాలెం వెళ్ళి పడవల దగ్గర చేపలు కొని, గంపలో పెట్టుకుని ఊళ్ళో అమ్ముతుంది. మధ్యాహ్నం చేను చూసుకుంటుంది. నన్ను చూసిన మొదటిరోజే 'ఏందమ్మాయ్, ఇంత సన్నగున్నావ్, మీ ఊళ్ళో చేపల్లేవా?' అంది. లేవంటే నమ్మలేదు. చేపలు లేని ఊరు ఉంటుందని ఆమెకి ఇప్పటికీ నమ్మకం లేదు.

ఆమె అడిగేది ఒక్కటే ప్రశ్న. చేలో ఒక మూల చౌడు తేలి పైరు ఎర్రబడుతోంది. 'ఈ ఉప్పు పోద్దా, మిగతా చేనుకీ పాకుద్దా? అది చెప్పండయ్యా' అంటుంది. నేల సారు ఇంకా మట్టి పరీక్షలు రావాలన్నారు. మేడం కాలవ మీద ఆధారపడి ఉంటుందంది. గాలి సారు అది తన పరిధిలోకి రాదన్నాడు. నాంచారమ్మ నా వైపు తిరిగి, 'వీళ్ళు చెప్పింది ఏంటో నువ్వు చెప్పమ్మాయ్' అంది. నేనేం చెప్పను? గంప దించి చేపలు చూపించమన్నాను.

ఇలా ఉండగా కార్తీకం వచ్చింది. చేలు పొట్ట మీద ఉన్నాయి. గాలి సారుకి కొత్త తలనొప్పి పట్టుకుంది. టవరు కొమ్మకి ఎండని కొలిచే గాజు బుడ్డి ఒకటి ఉంటుంది. రోజూ పొద్దెక్కాక సూర్యుడు ఉన్నట్టుండి మసకబారుతున్నాడట. సముద్రం మీద నుంచి కంటికి కనపడని మబ్బు ఏదో వస్తోందని ఆయన కాగితాలు నింపేశాడు. ఎండ తగ్గింది కాబట్టి ఆవిరి తగ్గింది, అందుకే తన మట్టి తడిగా ఉందని నేల సారు సంబరపడ్డారు. కాదు, పై నుంచి నీళ్ళు వదిలారు కాబట్టి తడిగా ఉందని మేడం. వారం రోజులు ఈ గోల. నాకు విసుగొచ్చి టవరు దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాను. కాకి. రోజూ అదే కొమ్మ మీద కూర్చుని, అదే గాజు బుడ్డి మీద తన పని కానిచ్చి పోతోంది. అదీ ఆ మబ్బు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గాలి సారు బుడ్డి తుడిపించాడు. మర్నాడు మళ్ళీ కాకి. అప్పుడు నాకు మన చెనిక్కాయ చేను గుర్తొచ్చింది. నాయన నల్లగుడ్డ కుట్టి, లోపల గడ్డి కూరి, కర్రకి వేలాడదీసేవారు కదా, చచ్చిన కాకి అనుకుని మిగతా కాకులు దరిదాపుల్లోకి రాకుండా. నల్లగుడ్డ కోసం ఊరంతా వెతికినా దొరకలేదు. నాయన గొడుగు తప్ప నా దగ్గర నల్లటిది ఏమీ లేదు. అప్పటికే ఉప్పుగాలికి దాని ఊచలు తుప్పు పట్టి విరిగాయి, ఒట్టు. గుడ్డ మాత్రం బాగుంది. విప్పి, పైన మొన తేలేట్టు కుట్టి, అడుగున పాత గంప చుట్టు కట్టి, లోపల గడ్డి నింపాను. చూడ్డానికి బోర్లించిన పెద్ద గరాటులా వచ్చింది. గాలి సారుని అడిగితే, 'నా పరికరాలకి తగలకుండా ఉంటే మీ ఇష్టం' అని కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. సాయంత్రం మనిషిని పెట్టి టవరు నెత్తిన కట్టించాను. మర్నాడు పొద్దున్నే గాలి సారు బ్యాటరీ కోసం బందరు బస్సెక్కాడు.

ఆ పొద్దున ఆకాశం మూసుకుని ఉంది. తూర్పు గాలి కొంచెం గట్టిగా కొడుతోంది. నేను పొయ్యి మీద ఎసరు పెట్టానో లేదో వీధిలో ట్రాక్టర్ల మోత. బయటికి వచ్చి చూద్దును కదా, ఊరు ఊరంతా కదిలిపోతోంది. పిల్లల్ని చంకన వేసుకుని ఆడవాళ్ళు, నెత్తిన మూటలు, తాళ్ళు విప్పిన గొడ్లు, కోళ్ళగంపలు. అందరూ ఊరి చివర మెరక మీదున్న తుఫాను షెల్టరు వైపే. పంచాయతీ ప్రెసిడెంటు గారి జీతగాడు మా తలుపు బాది, 'ఏమండీ, ఇంకా ఇంట్లోనే ఉన్నారేంటండీ? సిగ్నల్ ఎగరేసారు! రండి, రండి!' అని అరిచి పరిగెత్తాడు.

రేడియో పెడదామంటే కరెంటు లేదు. ఆగి ఆలోచించేంత తీరిక ఎవరికుంది? డెబ్బై ఏడు ఉప్పెన చూసిన ఊరు ఇది. వాళ్ళే పరిగెడుతుంటే మేమెంత? మేడం తన కొలబద్ద కాగితాలు, నేల సారు మట్టి సంచులు, నేను బియ్యం డబ్బా. తలా ఒకటి పట్టుకుని ముగ్గురమూ పరిగెత్తాం. దారిలో ఒక సంచి చిరిగి మట్టి పోతుంటే నేల సారు ఆగి ఏరుకోబోయారు. మేడం ఆయన చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. షెల్టరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాం. ఇంటికి ఇంకో ఉత్తరం రాయగలనా అని కూడా అనుకున్నానక్కా. ఇది నాయనకి చదవొద్దు.

పైన జనం కిక్కిరిసి ఉన్నారు. సముద్రంలోకి బయలుదేరిన పడవలు సగం దారిలోంచి వెనక్కి వచ్చాయట. గిలకలదిండి నుంచి వచ్చిన చేపల వ్యాను ఖాళీగా తిరిగిపోయిందట. నేను నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, పక్కనున్న ప్రెసిడెంటు గారిని అడిగాను.

'ఏ నంబరు సిగ్నలండీ? ఎవరు చెప్పారు?'

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. 'అదేంటమ్మా, మీ టవరుకేగా ఎగరేసింది! పొద్దున పడవలోళ్ళు చూసి కబురు పెట్టారు. నల్లటి గరాటు, ఇంత స్పష్టంగా కనపడతంటేనూ! గాలిని కొలిచేది మీరే కదా, మీకు ముందు తెలుసుద్దని మేం అనుకోమా?'

అప్పుడు తెలిసింది. బందరు రేవులో తుఫాను వచ్చేముందు పెద్ద కొయ్యకి నల్లటి గరాటుల్లాంటివి ఎగరేస్తారట. పడవలవాళ్ళకి తరాల నుంచీ తెలిసిన గుర్తు. రేడియోలో 'ప్రమాద సూచిక ఎగురవేశారు' అంటే ఇదన్నమాట. మన ఊళ్ళో కాకిని బెదిరించే గుడ్డ ఈ ఊళ్ళో తుఫాను. నేను కట్టిన గొడుగుని చూసి ఊరు పరిగెత్తింది, ఊరిని చూసి నేను పరిగెత్తాను. బియ్యం డబ్బా పట్టుకుని మరీ.

చెప్పక తప్పలేదు. 'అది కాకుల కోసం కట్టిందండీ' అన్నాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వాళ్ళన్నవన్నీ ఇక్కడ రాయను. 'కాకులకా? మా పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తించింది కాకులకా?' అని ఒకావిడ చెయ్యెత్తింది. కొట్టలేదులే. పడవలవాళ్ళకి ఒక రోజు వేట పోయింది. వాళ్ళ కోపంలో తప్పేముంది? నాకైతే భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. నేల సారు అక్కడే ఉన్నారు గానీ ఆయనకీ నేలని చీల్చే ఉపాయం తోచినట్టు లేదు.

తిడుతూ తిడుతూ జనం దిగిపోయారు. నాంచారమ్మ ఒక్కతే దిగలేదు. గోడకి ఆనుకుని, కిటికీలోంచి తన చేను వైపు, టవరు వైపు చూస్తూ కూర్చుంది. 'అది కిందికి దిగితే నేనూ దిగుతా' అంది.

సరే, దించేద్దాం అన్నాను. ఇక చూడు. 'టవరు గాలి సారుది. ఆయన లేకుండా ముట్టుకుంటే రేపు ఆయన అంకెలు చెడితే మన మీద పడుతుంది' అన్నారు నేల సారు. 'నా శాఖ కాదు' అంది మేడం. ఎస్టీడీ బూత్ నుంచి బందరులో గాలి సారు దిగే లాడ్జికి ఫోను చేస్తే ఆయన బయటికి వెళ్ళాడన్నారు. పైన ఆవిడ అన్నం నీళ్ళు లేకుండా కూర్చుని ఉంది, కింద వీళ్ళిద్దరూ ఎవరు సంతకం పెట్టాలా అని వాదించుకుంటున్నారు. నాకు తల తిరిగిపోయింది. చున్నీ నడుముకి చుట్టుకుని నేనే టవరెక్కాను. కింద గుమిగూడినవాళ్ళు, పొద్దున నన్ను తిట్టినవాళ్ళే, 'దిగమ్మా, పడతావ్, దిగు!' అని అరుస్తున్నారు. పై మెట్టు దగ్గర ముడి ఊడి రాలేదు. పళ్ళతో పట్టి లాగాను. గుడ్డ నిలువునా చిరిగింది. అదీ నాయన గొడుగు కథ.

చిరిగిన గుడ్డ తీసుకెళ్ళి నాంచారమ్మ ముందు పెట్టాను. ముట్టుకుని చూసింది. అయినా లేవలేదు. నేను తెచ్చిన అన్నం కొంచెం తిన్నాక తనే మొదలుపెట్టింది.

'ఉప్పెనొచ్చిన ఏడు, కార్తీకంలోనే. గుడివాడలో మా ఆడపడుచు పురిటికని ఎళ్ళా. మా ఆయన, ఇద్దరు పిల్లలు ఇక్కడే. తిరిగొచ్చేతలికి ఇల్లెక్కడుండేదో కూడా తెలవలా. ఆ చేనుంది చూడు, ఆ గట్టు మీద తాటిచెట్టుని బట్టి గుర్తుపట్టా.'

చీకటి పడకముందే ఆమెను దింపి ఇంటికి తీసుకెళ్ళాను. వద్దంటున్నా నాలుగు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

మర్నాడు గాలి సారు దిగాడు. సంగతి విని మొదట అడిగింది, 'ఎక్కినప్పుడు నా తీగలు కదిలాయా?' అని. అక్కా, నా చేతిలో ఆ సమయంలో అట్లకాడ ఉంది. దేవుడే కాపాడాడు ఆయన్ని.

ఆ సాయంత్రం ప్రెసిడెంటు గారి అరుగు మీద పంచాయితీ. ఆ కొయ్య ఊళ్ళో ఉండటానికి వీల్లేదని పడవలవాళ్ళు గట్టిగా అన్నారు. తర్వాత నేల సారు అన్నారు, 'తీసేద్దాం. కృత్తివెన్ను వైపు ఇంకో చేను చూసుకుందాం' అని. మేడం 'అవును' అంది. గాలి సారు 'అదే మంచిది' అన్నాడు. వచ్చిన నాటి నుంచీ వీళ్ళు ముగ్గురూ ఒక మాట మీద నిలబడితే చూడాలని నేను మొక్కని దేవుడు లేడు. మోపిదేవి వెళ్ళినప్పుడు సుబ్రహ్మణ్యస్వామికి కూడా చెప్పుకున్నాను. నిలబడ్డారు, టవరు పీకేయడానికి! నాట్ల దగ్గర నుంచి కోతల దాకా ఒకే చేనుని చూస్తేనే ఈ కథకి అర్థం. పొట్ట మీదున్న పైరుని వదిలేసి పోతే ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే. ఇక్కడ కలపడానికి ఏమీ లేకపోతే నేనూ అక్కర్లేదు, అది వాళ్ళు మర్యాదగా చెప్పారు. ఆ కోపంలోనే ఇంటికొచ్చి నీకు కార్డు రాసి పడేశాను. పెట్టె కూడా సర్దుకున్నాను. తుప్పు తాళం పడలేదు, తాడు కట్టాను.

టవరు విప్పడానికి మనుషులు వచ్చిన రోజున నాంచారమ్మ గంప దించి తన గట్టు మీద కూర్చుంది. ప్రెసిడెంటు గారు వచ్చారు, పడవలవాళ్ళు వచ్చారు, మేమంతా వెళ్ళాం.

'చేను నాది. కొయ్య ఉంచాలో తియ్యాలో నన్నొక్కళ్ళన్నా అడిగారేంటండీ?' అంది.

'నాంచారమ్మా, అది అబద్ధం చెప్పింది కదే. ఊరంతా నవ్వులపాలయ్యాం' అన్నారు ప్రెసిడెంటు గారు.

'చెప్పనీయండి. ఎంతసేపట్లో ఎక్కారండీ అందరూ మెట్లు? ఒక్క పిల్లోడు కింద మిగల్లా. ముసలోళ్ళని మోసుకొచ్చారు. నేను పై నుంచి చూత్తా కూర్చున్నా. నూరుసార్లు అబద్ధం చెప్పనీయండి, నూరుసార్లూ ఎక్కుతా, దిగుతా. ఆ ఏడు మా ఇంటికి వచ్చి ఒక్కళ్ళు, ఒక్క అబద్ధమన్నా చెప్పుంటే నా పిల్లలు ఉండేవోళ్ళండీ.'

అందరికంటే ఎక్కువ అరిచిన పడవల పెద్ద తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. టవరు విప్పడానికి వచ్చిన మనుషులు సామాను పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను ఏడ్చాను, దాచేదేముంది.

చివరికి తేలిందేమిటంటే, టవరు కోతల దాకా ఉంటుంది. నేనూ ఉంటాను. పై నుంచి ఒక కప్పీ, తాడు దించుతారు. మండలాఫీసు నుంచి తుఫాను కబురు వస్తేనే నల్లది పైకి వెళుతుంది, ఇంకెప్పుడూ వెళ్ళదు. తాడు లాగే పని నాంచారమ్మది. గాలి సారు ఆ నల్లది పైనుంటే గాలి కొలత ఎంత తేడా వస్తుందో లెక్కేస్తానన్నాడు. అప్పుడే మేడంతో దాని మీద పోట్లాట మొదలైంది. కాకి మళ్ళీ వస్తోంది. గాజు బుడ్డి రోజూ నేనే తుడుస్తున్నాను.

ఒక మంచి సంగతి కూడా రాయాలి, లేకపోతే నా ఉత్తరమంతా సణుగుడే అంటావు. అదే గట్టు మీద, చేతిలో కంప్యూటరూ కొలబద్దా మట్టి సంచీ ఏదీ లేక, ముగ్గురూ మొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని నాంచారమ్మ ప్రశ్నకి ఒక్క జవాబు చెప్పారు. చేలో మంచినీళ్ళు నిలిచి ఉన్నన్నాళ్ళూ ఉప్పు కిందికి దిగుతుంది. నీళ్ళు లేని చేను మీద పొడిగాలి, ఎండ పడితే ఆ ఉప్పే పైకి వస్తుంది. కాబట్టి గింజ గట్టిపడేదాకా చేను ఆరనీయకూడదు. నాంచారమ్మ తల ఊపి, 'బాగానే ఉంది. మరి కాలవ చివర మా చేనుకి నీళ్ళెప్పుడు వేళకి వచ్చాయి?' అంది. ముగ్గురూ నా వైపు చూశారు. చూడు అక్కా, చివరికి ఏ జవాబు దొరక్కపోయినా నా మొహమే చూస్తారు. మర్నాటి నుంచి మేడం తూములు తెరిచే కాలవ లస్కరు వెంట పడింది. ఆ గొంతుకి భయపడైనా వదులుతాడేమో.

ఇక నాకు కావలసినవి. చెనిక్కాయల పొడి రెండు డబ్బాలు, మూత బిగించి, పైన గుడ్డ కట్టి పంపు. ఈ గాలికి ఏదీ ఆగదు. ఇంకొకటి గొడుగు. నల్లదే కావాలి. బావ కొట్లో పువ్వుల గొడుగు, మడిచే గొడుగు కొనిపెడతాడు, వద్దను. నాయన చేతికర్రలా పట్టుకు తిరిగే రకం, అందులోనూ పెద్దది చూడమను. చిరిగినదాన్ని నాంచారమ్మే కుట్టి పెట్టెలో దాచింది గానీ అది చాలదంటుంది. సముద్రం మీదున్న వాళ్ళకి కూడా కనపడాలట.

నాయనకీ అమ్మకీ నా పాదాభివందనాలు. వాళ్ళ దీవెన ఉంటే ఈ ముగ్గురితో కోతల దాకా నెట్టుకొస్తాను. ఎదురింటి జేజికీ పెద్దమ్మ వాళ్ళకీ నమస్కారాలు, చిన్నోడికి ముద్దులు, బావని అడిగానని చెప్పు. నా గురించి దిగులు వద్దు, ఆరోగ్యంగా ఉన్నాను, వేళకి తింటున్నాను. మళ్ళీ చెబుతున్నాను, ఆరోగ్యంగానే ఉన్నాను.

నీ మీద అలుగుతూ, నీ ఉత్తరం కోసమే కాచుకుని ఉండే చెల్లెలు
శారద

మరో మాట: గొడుగు పార్సిలు నా పేరున వద్దు, ఇదే ఊరికి నాంచారమ్మ పేరున పంపు. కోతలయ్యాక నేను వచ్చేస్తాను. ఆమె ఇక్కడే ఉంటుంది.